సంఖ్యను విప్పి చూడవలెను

మిక్కిలి పెద్ద సంఖ్య కంటబడినప్పుడు మనలో పలువురు చేయు పని ఒక్కటే. "అబ్బో!" అని నోరు తెరచి, దూరమునుండియే దానిని చూచి, పక్కకు తొలగిపోవుదురు. కొండను చూచి దండము పెట్టి పోవుట వంటిది ఈ పని. దండము పెట్టినవాడు భక్తుడు కావచ్చును గాని, ఆ కొండపై ఏ చెట్టు పెరుగుచున్నదో, ఏ దారి పైకి పోవుచున్నదో వానికి తెలియదు. పెద్ద సంఖ్యల విషయమున నా అభిప్రాయము వేరు. వానికి నమస్కరింప నక్కరలేదు. వానిని చూచి భయపడ నక్కరయు లేదు. సంఖ్యను విప్పవలెను. ఏయే చిన్న సంఖ్యలు చేరి అది ఏర్పడినదో లోపలికి తొంగి చూడవలెను. ఎనిమిదవ తరగతి చదువు బాలబాలికలకు ఇది చేతకాని పని యని కొందరందురు. చేతనగుననియే నేను చెప్పుచున్నాను. అందులకు ఒక ఇరువది అంకెల సంఖ్యను తీసికొందును.

మాటను రాప్తాడునుండి ప్రారంభింతును. అనంతపురమునకు దక్షిణముగా, బెంగుళూరునకు పోవు జాతీయ రహదారిపై, కొద్ది మైళ్ల దూరమున నున్న ఊరది. చుట్టును ఎఱ్ఱనేలలు. ఆ ప్రాంతమున ఏడాదికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అదియును వేళకు వచ్చునన్న నమ్మకము లేదు. ఆ వానను నమ్ముకొని వేయు పంటలలో వేరుసెనగ ముఖ్యమైనది. ఆ సీమలో బుడ్డలందురు. వాన తప్పిన ఏట భూమిలో చల్లిన విత్తు సైతము తిరిగి చేతికి రాదు. మరుసటి ఏటికి విత్తు ఎక్కడనుండి వచ్చును? అప్పు చేయవలసినదే. గింజలను అప్పుగా కొలిచి యిచ్చి, పంటకాలమున అంతకంటె ఎక్కువ కొలిపించుకొను పద్ధతికి నాగు అని పేరు.

ఒక రైతు ఒక బస్తా విత్తులు తెచ్చి, పంటవేళకు రెండు బస్తాలు కొలుచునట్లు ఒప్పుకొనెననుకొందము. ఆ ఏడు వాన తప్పినది. బాకీ రెండు బస్తాలు నిలిచినది. అదే షరతుపై మరుసటి ఏటికి అవి నాలుగగును, ఆపై ఎనిమిదగును. ఐదు పంటలు వరుసగా పోయినచో తెచ్చిన ఒక్క బస్తాకు ముప్పదిరెండు బస్తాలు బాకీ తేలును. పది పంటలైనచో వేయి యిరువదినాలుగు. "ఒకటికి రెండే కదా" అన్న మాట చెవికి ఎంతో చిన్నదిగా వినిపించును. ఆ మాటలో ఎంత బరువు దాగియున్నదో లెక్క వేసి చూచినవానికే తెలియును. లెక్క రానివాడు వ్రేలిముద్ర వేసి ఇంటికి పోవును.

ఇదే లెక్కను కథగా చదరంగపు బల్లపై చెప్పుదురు. మీలో కొందరు వినియే యుందురు. చదరంగమును కనిపెట్టినవానిని మెచ్చి, "ఏమి కావలెనో కోరుకొను"మని రాజు అడిగెనట. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు అరువదినాలుగు గళ్లకును రెట్టింపు చేయుచు గింజలిమ్మని అతడు కోరెనట. రాజు నవ్వి, ఇంతేనా యనెనట. కథ నిజమో కల్పనయో మనకు పనిలేదు. అందలి లెక్క మాత్రము నిజము. వడ్లకును గోధుమలకును బదులుగా మనము ఆ గళ్లలో రాప్తాడు వేరుసెనగ గింజలను పోయుదము. గ్రామునకు రెండు గింజలు తూగునని సౌలభ్యమునకై అనుకొందము.

మొదటి పది గళ్లలోని గింజలన్నియు కలిపి 1023. అనగా అరకిలోకు కొంచెము పైన. ఒక చేటలో పట్టును. ఇరువది గళ్లకు 10,48,575 గింజలు. సుమారు 524 కిలోలు. ఇంతవరకును మన రైతు ఎద్దులబండిపై తోలుకొని రాగలడు. ముప్పదిరెండు గళ్లకు, అనగా సగము బల్లకు, 4,29,49,67,295 గింజలు. బరువు సుమారు 2,147 టన్నులు. పది టన్నులు మోయు లారీలు రెండువందల పదునైదు కావలెను. ఇప్పటికిని రాజునకు భయము కలుగకపోవచ్చును. కాని ఈ బల్లకు ఒక గుణము కలదు. ఏ గడిలోని గింజలైనను, అంతకు ముందున్న గళ్లన్నిటిలోని గింజల మొత్తముకంటె సరిగా ఒకటి ఎక్కువ. సగము బల్ల ఇచ్చిన రాజు, తరువాతి ఒక్క గడికే మరల అంతయు ఇచ్చి, ఆపైన ఇంకొక గింజ వేయవలెను. అరువదినాలుగు గళ్లును నిండునప్పటికి మొత్తము

18446744073709551615

గింజలగును. తూచినచో 9,22,337 కోట్ల టన్నులు. నేడు ప్రపంచమంతటను కలిసి ఏటా పండు వేరుసెనగ, కాయలతో గూడ, సుమారు 5 కోట్ల టన్నులు. ఆ లెక్కన లోకములోని పంట యంతయు లక్షా ఎనుబదినాలుగువేల సంవత్సరములపాటు రాజు గాదెలకే పోవలెను.

ఈ సంఖ్య తెలుగువారికి క్రొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దమున, రాష్ట్రకూట చక్రవర్తియైన అమోఘవర్ష నృపతుంగుని కాలమున, మహావీరాచార్యుడను జైన పండితుడు సంస్కృతమున గణితసారసంగ్రహమను గ్రంథమును రచించెను. దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఆయన పదునొకండవ శతాబ్దివాడని కొందరు, పండ్రెండవ శతాబ్దివాడని కొందరు. తెలుగున వెలసిన తొలి శాస్త్రగ్రంథములలో దానిని లెక్కింతురు. కూడికయు గుణకారమును పద్యములో చెప్పుటయా యని మీకు నవ్వు రావచ్చును. అచ్చుయంత్రము లేని కాలమున పద్యమే పుస్తకము. నోటికి వచ్చినదే చెరగనిది. ఆ మల్లన చదరంగపు గళ్ల లెక్కను ఒకే ఒక పద్యమున ఇమిడ్చి, పైన వ్రాసిన ఇరువది అంకెలను వరుసగా చెప్పియున్నాడు.

అంకెలను ఛందస్సులో ఎట్లు కూర్చెను? అంకెకు బదులు వస్తువు పేరు చెప్పుట ఆ కాలపు పద్ధతి. చంద్రుడన్న ఒకటి, ఏలయన ఆకాశమున చంద్రుడొక్కడే. వేదములన్న నాలుగు. మన్మథుని బాణములు ఐదు గనుక బాణమన్న ఐదు. కొండయన్న ఏడు, ఏనుగన్న, దిగ్గజములు ఎనిమిది గనుక, ఎనిమిది. ఆకాశమన్న సున్న. ఒక్కొక్క వస్తువునకు పెక్కు పర్యాయపదములుండుటచే కవికి గణములు కుదుర్చుకొనుట సులభమయ్యెను. చదువువాడు ఒకట్ల స్థానముతో మొదలిడి ఎడమవైపునకు వ్రాసికొని పోవలెను. కాబట్టి మల్లన పద్యమున మొదటి మాట ఐదును, చివరి మాట ఒకటిని సూచించును. మాట జారినచో ఛందస్సు చెడును. చదువరి వెంటనే తప్పు పట్టును. ఈ కాపలా చాల గట్టిది.

గట్టిదే గాని పూర్తిగా నమ్మరానిది. తాటాకుపై ప్రతి వ్రాయువాడు ఒక మాటకు బదులు అదే తూకము గల మరొక మాటను వ్రాసినచో ఛందస్సు చెడదు. సంఖ్య మాత్రము చెడును. అప్పుడు తప్పును పట్టునదెవరు? గణితమే. అంకెలన్నిటిని కూడి చూడుడు. మొత్తము 87. దానిని తొమ్మిదితో భాగింప శేషము 6. ఇప్పుడు పద్యమును మరచి, గింజలనుండి రండు. ఆరుమార్లు రెట్టింపు చేసిన ఒకటి 64 అగును. 64ను తొమ్మిదితో భాగించిన శేషము మరల ఒకటే. కావున అరువది రెట్టింపులకును శేషము ఒకటే యుండును. మిగిలిన నాలుగు రెట్టింపులు దానిని పదునారు చేయును, శేషము ఏడు. మొత్తమునకై ఒకటి తీసివేయగా ఆరు. రెండు దారులును ఒకచోటనే కలిసినవి. ఒక మాట మారిన తప్పును ఈ పరీక్ష చాలవరకు పట్టును. రెండు అంకెలు తమలో తాము చోటు మార్చుకొన్న తప్పు మాత్రము దీనికి చిక్కదు. అందుకు వేరు పరీక్షలు కావలెను.

ఇక నా అసంతృప్తిని చెప్పుదును. ఈ పద్యమును వేదికలపై చదువువారు కలరు. చదివిన వెంటనే సభ చప్పట్లు కొట్టును. "చూచితిరా, మనవారి గొప్పతనము!" అని ఒకరనగా, అందరును తలలూపుదురు. అంతటితో పని ముగియును. ఆ సంఖ్య మూడుతో భాగింపబడునా యని అడుగువారు కానరారు. ఇంకను దూరము పోయి, నేటి కంప్యూటరును ఆనాడే మల్లన ఊహించెనని చెప్పుటకును వెనుదీయనివారున్నారు. అరువదినాలుగు ద్వియాంక స్థానములు గల గణనపాత్రలో పట్టు అతిపెద్ద పూర్ణసంఖ్య ఇదే యగుట నిజమే. అక్కడను ప్రతిస్థానము ముందుదానికి రెట్టింపు, స్థానములును అరువదినాలుగు. అందుచే అదే సంఖ్య వచ్చినది. ఇందులో జోస్యమేమియు లేదు. మల్లన గణితము వ్రాసినది చప్పట్లకొరకు కాదు, లెక్క నేర్పుటకు. ఆయన మనకు సంఖ్యను అందించెను. దానిని విప్పుట మన వంతు.

విప్పుటకు ముందు, సంఖ్యను కట్టుట చూడవలెను. అరువదినాలుగు మార్లు రెట్టింపు చేయుట విసుగు పుట్టించు పని. దగ్గరిదారి కలదు. 2ను దానితోనే గుణించిన 4. నాలుగును నాలుగుతో గుణించిన 16. పదునారును పదునారుతో గుణించిన 256. దానిని దానితో గుణించిన 65536. దాని వర్గము 4294967296. దీని వర్గము 18446744073709551616. ఆరు గుణకారములలో మనము బల్ల చివరకు చేరితిమి. క్రీ.శ. 1000 ప్రాంతమున అల్ బెరూనీ పండితుడును ఈ చదరంగపు సంఖ్యను లెక్కించి, వర్గములు చేయుచు పోవు ఈ ఉపాయమునే వాడెను. ఇప్పుడు ఒకటి తీసివేసినచో మన సంఖ్య వచ్చును.

ఆ తీసివేయు ఒకటియే తాళపుచెవి. మీ బీజగణితమున ఒక సూత్రము కలదు. ఒక సంఖ్య వర్గమునుండి మరొక సంఖ్య వర్గమును తీసివేసిన వచ్చు ఫలము, ఆ రెండు సంఖ్యల మొత్తమును వాని భేదముతో గుణించిన లబ్ధమునకు సమానము. పరీక్షకై వల్లించి మరచిపోవు సూత్రమిది. ఒకటి తనకు తానే వర్గము. కావున మన సంఖ్య రెండు వర్గముల భేదము. అనగా 4294967297 × 4294967295. ఒక దెబ్బతో ఇరువది అంకెల కొండ రెండుగా చీలినది. రెండవ భాగమును చూడుడు. అదియును ఒక వర్గమునకు ఒకటి తక్కువ. కావున 65537 × 65535. మరల రెండవది 257 × 255. మరల 255 అనగా 17 × 15. పదునైదు అనగా 5 × 3. కాగితము సగము కూడ నిండలేదు. మన సంఖ్య ఇట్లు తేలినది:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

వర్గములు చేసికొనుచు ఎక్కినప్పుడు మనము నిలిచిన మెట్లు జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 2, 4, 16, 256, 65536, 4294967296. ప్రతి మెట్టునకు ఒకటి చేర్చినచో ఈ ఆరు కారణాంకములే వచ్చుచున్నవి. ఎక్కిన మెట్లే లోపలి గదుల తలుపులైనవి. ఇంతటి పొందిక ఆ సంఖ్యలో కలదని పైనుండి ఇరువది అంకెలను చూచినవానికి తోచునా?

ఇందు 3, 5, 17, 257, 65537 ప్రధానసంఖ్యలు. అనగా ఒకటితోను తమతోను తప్ప మరి దేనితోను భాగింపబడనివి. 65537 విషయమున సందేహమున్నచో మీరే పరీక్షింపవచ్చును. దాని వర్గమూలము 256 దాటి లవలేశము. అంతలోపల ప్రధానసంఖ్యలు 54 మాత్రమే కలవు. ఒక్కొక్కదానితో భాగించి చూచుటకు ఒక సెలవుదినము చాలును. ఈ ఐదు సంఖ్యలకు రేఖాగణితమునను గొప్ప స్థానము కలదు. పందొమ్మిదేండ్లు నిండని గౌస్ 1796లో, వృత్తలేఖినియు కొలతగీతలు లేని బద్దయు మాత్రమే పట్టుకొని పదునేడు సమభుజముల బహుభుజిని నిర్మింపవచ్చునని కనుగొనెను. ఆ పదునేడు ఈ పదునేడే. అది వేరు కథ, ఇక్కడ నిలువరాదు.

మిగిలినది 4294967297. ఇదియు ప్రధానసంఖ్యయేనా? ఫ్రాన్సు దేశమున ఫెర్మా అను గణితవేత్త 1640 ప్రాంతమున అట్లే తలచెను. 3, 5, 17, 257, 65537 ప్రధానసంఖ్యలైనప్పుడు, అదే తీరున వచ్చు తరువాతి సంఖ్యలన్నియు ప్రధానసంఖ్యలే కావలెనని ఆయన నమ్మకము. వృత్తిచే ఆయన న్యాయస్థానమునకు చెందినవాడు. గణితమున అపారమైన చూపు గలవాడు. అయినను ఐదు సాక్ష్యములను విని ఆరవదానిపై తీర్పు చెప్పివేసెను. అంతటి గొప్పవాడు చెప్పెనన్న గౌరవముచే కాబోలు, తొంబది సంవత్సరములకు పైగా ఆ మాట చెల్లినది. 1732లో ఆయిలర్ ఆ సంఖ్యను విప్పెను. అది 641 × 6700417.

ఆయిలర్ గ్రుడ్డిగా వెదకలేదు. ఈ సంఖ్యను భాగించు ప్రధానసంఖ్య ఏదైనను, 64తో భాగించినప్పుడు ఒకటి శేషముగా మిగులవలెనని ఆయన చూపిన నియమము. అట్టి ప్రధానసంఖ్యలు 193, 257, 449, 577, 641 అని వరుసగా వచ్చును. ఐదవ ప్రయత్నమునకే తలుపు తెరచుకొనును! ఫెర్మా ఈ ఐదు భాగహారములు చేసియున్నచో ఆ తప్పుమాట పుట్టియే యుండదు.

641 భాగించునని ఊరకే నమ్మవలదు. భాగహారము చేయకయే నిరూపింపవచ్చును. ఈ నిరూపణము నాకు మిక్కిలి ప్రియమైనది. 641ని రెండు విధముల చూడుడు. అది 640కి ఒకటి ఎక్కువ. అదియే 625, 16ల మొత్తము. ముందుగా 640ని తనతో తాను నాలుగుమార్లు వేసి గుణింపుడు, 167772160000 వచ్చును. దానినుండి ఒకటి తీసివేసిన మరల మన వర్గభేద సూత్రమే పనిచేయును; దాని ముక్కలలో 640కి ఒకటి కూడిన సంఖ్య, అనగా 641, ఒకటి. కావున 167772159999ని 641 నిశ్శేషముగా భాగించును. ఇక 641ని 268435456తో గుణింపుడు. ఇది 2ను ఇరువదియెనిమిది మార్లు గుణించిన సంఖ్య. 641ని 625గను 16గను విడదీసి గుణించిన, మొదటి భాగము మరల ఆ 167772160000 అగును. రెండవ భాగము 4294967296. మొత్తము 172067127296. దీనిని 641 భాగించుననుటకు సందేహమేమి, మనమే దానితో గుణించితిమి గదా! రెండింటిని 641 భాగించునప్పుడు వాని భేదమును భాగింపక తప్పదు. భేదమెంత? 172067127296 నుండి 167772159999 తీసివేయుడు. సరిగా 4294967297.

"ఇంత శ్రమ యేల? యంత్రమున వేసిన రెప్పపాటులో చెప్పును గదా" అని ఇప్పటి పిల్లలు అడుగుట నేనెరుగుదును. అడుగుట తప్పు కాదు. ఈ ఒక్క సంఖ్య విషయమున యంత్రము నిజముగనే రెప్పపాటులో చెప్పును. కాని చదరంగపు బల్లకు మరి కొన్ని గళ్లు చేర్చి చూతము. అరువదియైదు గళ్ల బల్లయైనచో మొత్తము గింజలు 31తో భాగింపబడును. అరువదియారు గళ్లకైనచో 7తో భాగింపబడును. అరువదియేడు గళ్లకు 147573952589676412927 గింజలు. మన సంఖ్యకంటె ఒక్క అంకె మాత్రమే ఎక్కువ. అరువదినాలుగు సగమునకు సగముగా చీలును. అందుచే మన సంఖ్యయు అట్లే చీలినది. అరువదియేడు ఎటును చీలదు. తాళపుచెవి ఇక్కడ పనిచేయదు. ఇది ప్రధానసంఖ్య యని 1644లో మెర్సెన్ వ్రాసెను. కాదని 1876లో ల్యూకాస్ నిరూపించెను. వింత యేమన, అది సంయుక్తసంఖ్య యని నిరూపించిన ల్యూకాస్‌కును దాని కారణాంకములు తెలియవు. ఇంటిలో మనుష్యులున్నారని తెలిసినది. వారి పేర్లు తెలియలేదు. ఇరువదియేడేండ్లు గడచినవి. 1903లో అమెరికా దేశపు గణితవేత్త కోల్ తమ గణితసంఘపు సభలో నల్లబల్ల యొద్దకు పోయి, ఒకవైపు ఆ సంఖ్యను రెట్టింపులచే కట్టి చూపెను; రెండవవైపు 193707721ని 761838257287తో చేతితో గుణించెను. రెండును ఒకటే యయ్యెను. మాటాడకయే పోయి కూర్చుండెనని చెప్పుదురు. దీనికెంతకాలము పట్టినదని తరువాత అడుగగా, మూడేండ్ల ఆదివారములని బదులు చెప్పెనట.

మూడు గళ్లు చేర్చినంతమాత్రమున అరపుట పని మూడేండ్ల పని యైనది. సంఖ్య పెద్దదగుటచే కాదు, దాని కట్టుబడి తెలియకపోవుటచే. యంత్రములకును ఈ న్యాయమే వర్తించును. రెండు పెద్ద ప్రధానసంఖ్యలను గుణించుట యంత్రమునకు ఆట; లబ్ధమును మాత్రమే చూపి, ఆ రెండింటిని చెప్పుమన్నచో మహాయంత్రములే తడబడును. రివెస్ట్, షమీర్, ఆడిల్మన్ అను మువ్వురు 1977లో ఈ కష్టమునే కోటగా చేసికొని ఒక రహస్యలిపిని కల్పించిరి. సవాలుగా అప్పుడు ప్రకటించిన 129 అంకెల సంఖ్యను విప్పుటకు 1994 వరకు పట్టినది. 250 అంకెల మరొక సంఖ్య 2020లో విడినది. అందుచే నేడు అంతకంటె ఎంతో పెద్ద సంఖ్యలను వాడుచున్నారు. యంత్రము చూచుకొనునులే యనువాడు, ఆ యంత్రమును ఓడించుటకే మనుష్యులు సంయుక్తసంఖ్యలను వాడుచున్నారని మొదట తెలిసికొనవలెను.

మహావీరుడు ఈ విప్పుటలోని సొగసును ఎరిగినవాడే. గుణకారమునకు ఉదాహరణములుగా ఆయన కూర్చిన లెక్కలలో కొన్ని హారములవలె వచ్చును. 12345679ని 9తో గుణించిన తొమ్మిది ఒకట్లు. 152207ను 73తో గుణించిన ఎనిమిది ఒకట్లు. ఆ ఎనిమిది ఒకట్ల హారమును పూసపూసగా విప్పినచో 11, 73, 101, 137 అని నాలుగు ప్రధానసంఖ్యలు రాలును. గుణకారము నేర్పుటకు ఏ సంఖ్య నిచ్చినను చాలును గదా! అయినను పిల్లవానికి చివర ఒక సంతోషము మిగులవలెనని ఆ జైన పండితుడు తలచెను. మన లెక్కల పుస్తకములలో ఈ తలంపు మరికొంత యున్నచో బాగుండునని నా కోరిక.

ఇప్పుడు మన గింజల కుప్ప యొద్దకు తిరిగి రండు. 6700417 కూడ ప్రధానసంఖ్యయే. 2588 లోపలి ఏ ప్రధానసంఖ్యయు దానిని భాగింపదు. కావున కుప్పలోని ప్రధాన కారణాంకములు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదియు రెండుమార్లు రాలేదు. ఒక భాజకమును కట్టునప్పుడు ఈ ఏడింటిలో ఒక్కొక్కదానిని చేర్చుకొనవచ్చును, మానవచ్చును. కావున భాజకములు రెండును ఏడుమార్లు గుణించినన్ని, అనగా 128. ఆ కుప్పను ఒక్క గింజ మిగులకుండ సమముగా పంచుటకు నూట యిరువదియెనిమిది విధములు కలవన్నమాట. ముగ్గురన్నదమ్ములు పంచుకొనవచ్చును, ఐదు ఇండ్లవారు పంచుకొనవచ్చును, పదునేడు ఊళ్లవారును, ఆరువందల నలువదియొక్క ఊళ్లవారును పంచుకొనవచ్చును.

రాప్తాడు చేలలో రాలిన గింజ నొకదానిని ఏరి తెచ్చి ఆ కుప్పపై వేయుడు. ఇప్పుడది 18446744073709551616. రెండు తప్ప అందులో మరి యే ప్రధానసంఖ్యయు లేదు. భాజకములు అరువదియైదే మిగిలినవి. ముగ్గురన్నదమ్ములు వచ్చి పంపకము మొదలిడినచో ఎవరికి ఎన్ని వచ్చినను చివర ఒక గింజ మిగులును. ఐదు ఇండ్లవారు వచ్చినను ఒక గింజయే మిగులును. పదునేడు ఊళ్లవారు వచ్చినను అంతే. ఆ మిగిలినది మీరు వేసిన గింజయే.